యుద్ధం ఆగాక అడవి లెక్క ఎవరు రాస్తారు? కర్రెగుట్టల నుంచి కువైట్ దాకా

మెట్టుగుట్ట (హన్మకొండ):

తెలంగాణ–ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల గురించి ఈ ఫోరంలో ఇంతకుముందు నడిచిన చర్చలన్నీ తిట్ల దాకా పోయి ఆగిపోయాయి. ఎవరిది న్యాయం, ఎవరిది అన్యాయం అన్న పంచాయితీ ఇక్కడ వద్దు. నాకు కావలసింది ఇంకో లెక్క.

2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా ఆ గుట్టల మీద మావోయిస్టుల కోసం భద్రతా దళాల ఆపరేషన్ నడిచింది. 31 మంది మావోయిస్టులు చనిపోయారని, 450 ఐఈడీలు (నాటు మందుపాతరలు) దొరికాయని అధికారులు ప్రకటించారు. మే 8న మన వైపు వాజేడు అడవిలో ముగ్గురు గ్రేహౌండ్స్ పోలీసులు మందుపాతరకు బలయ్యారు. ఇవన్నీ పేపర్లలో వచ్చాయి. అడవికి ఏమైంది, ఊటలకు ఏమైంది, అడవి మీద బతికే ఊళ్లు ఆ ఎండాకాలం ఎట్లా గడిపాయి అన్నది మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు.

చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి ఒక పాత ముచ్చట. 1310లో ఢిల్లీ సుల్తాన్ సేనాని మాలిక్ కాఫుర్ ఓరుగల్లును ముట్టడించినప్పుడు దండు చుట్టూ కట్టెల కోట కట్టించాడని, దానికోసం చెట్లు నరికించాడని ఆ కాలపు కవి అమీర్ ఖుస్రో రాశాడు. ప్రతాపరుద్రుడు ఇచ్చిన ఏనుగులు, గుర్రాల గురించి ప్రతి పుస్తకంలో ఉంటుంది. ఆ చెట్లు ఏ ఊరివో, ఆ తర్వాత ఆ ఊరివాళ్లు కట్టెలకు ఎక్కడికి పోయారో ఎవరూ పట్టించుకోలేదు. ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా మనం లెక్క రాసే పద్ధతి మారలేదని నాకు అనిపిస్తుంది.

మీ ఊళ్లోనో, మీరు పనికో చదువుకో పోయిన దేశంలోనో, యుద్ధం గానీ సైన్యం గానీ నేలకు చేసింది కళ్లతో చూసి ఉంటే రాయండి. వాట్సాప్ ఫార్వర్డ్‌లు వద్దు.

వాజేడు పోరడు:

సార్, మీరు అడిగారు కాబట్టి చెప్తున్న. మాకు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు, ఏప్రిల్ చివరి నుంచి మే దాకా బీడీలు చుట్టే తునికాకు. ఏడాది మొత్తంలో చేతికి రొక్కం వచ్చేది అప్పుడే. యాభై ఆకులకు ఒక కట్ట. తెల్లారకముందే అడవికి పోయి, పొద్దెక్కేలోపు తెచ్చి, నీడన కూర్చొని కట్టలు కట్టి, సాయంత్రానికి ఆకు కొనే కల్లం దగ్గర అప్పజెప్పాలి. పిల్లల బడి బట్టలు, విత్తనాల అడ్వాన్సు, పాత బాకీ, అన్నీ ఆ పైసల మీదే.

ఆపరేషన్ సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. అంతకుముందే గుట్టల మీద బాంబులు పెట్టామని, జనం ఎవరూ రావద్దని మావోయిస్టు పార్టీ వాళ్ల పేరుతో లెటర్ వచ్చింది. 2024లోనే కొంగాల అడవిలో కట్టెలకు పోయినాయన మందుపాతర పేలి చనిపోయిండు. కాబట్టి ఆ లెటర్‌ను ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు.

మంచి ఆకు లోపల ఉంటుంది. లోపలికి పోలేక ఊరంతా రోడ్డు పక్క చెట్ల మీదే పడ్డది. లేత ఆకు, చిన్న ఆకు, చిల్లుల ఆకు అన్నీ తెంపినం. కల్లం దగ్గర కొనేటాయన కట్టలు విప్పి చూసి సగం పక్కకు తీసేసిండు. దగ్గర అడవి బోడి అయింది, లోపలి అడవిలో ఆకు ముదిరి రాలిపోయింది. దీన్ని నష్టం అంటారో లేదో నాకు తెల్వదు. ఏ కాగితం మీదా అయితే లేదు.

దేశం ఫస్ట్:

బాంబులు పెట్టింది ఎవరు అన్న ప్రశ్న వదిలేసి తునికాకు గురించి బాధపడటం విచిత్రంగా ఉంది. దశాబ్దాల తరబడి రోడ్డు వేయనివ్వలేదు, టవర్ పెట్టనివ్వలేదు. ఇప్పుడు క్లియర్ చేస్తుంటే పర్యావరణం గుర్తొచ్చిందా?

వాజేడు పోరడు:

పెట్టింది వాళ్లే అన్నా. నేను కాదన్ననా? కాలు పెట్టేది మాత్రం మేము.

సుబేదార్ సాబ్ (హసన్‌పర్తి):

నేను ఆర్మీ ఇంజినీర్స్‌లో చేసి రిటైర్ అయ్యాను. మందుపాతరలు పెట్టడం, తీయడం మా ట్రేడ్. కాబట్టి తెలిసిన మాట రాస్తాను.

సైన్యం పెట్టే మైన్‌ఫీల్డ్‌కు రికార్డు ఉంటుంది. ఎన్ని వరుసలు, వరుసకు ఎన్ని అడుగుల దూరం, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు అన్నీ స్కెచ్ మీద గీసి సంతకం పెడతారు. అంత పద్ధతిగా చేసినా తీసేటప్పుడు చెమటలు పడతాయి. 2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్‌లో రాజస్థాన్, పంజాబ్ సరిహద్దు పొడవునా మైన్లు పెట్టాం. యుద్ధం జరగలేదు. 2002 చివర్లో వెనక్కి రమ్మన్నారు, మైన్లు తీయమన్నారు. ఇసుక దిబ్బ జరిగితే దాంతోపాటు మైన్ కూడా జరుగుతుంది. కాలువ నీళ్లు పొలంలోకి వస్తే కొట్టుకుపోతుంది. స్కెచ్‌లో ఉన్నచోట దొరకదు. ఒక్కటి తక్కువ వచ్చినా ఆ పొలం రైతుకు అప్పజెప్పలేం. గోధుమ వేసే భూములు, ఒక్క తుపాకీ పేలకుండా సీజన్లకు సీజన్లు పడావు పడ్డాయి. మా జవాన్లలో కూడా తీస్తూ పోయినవాళ్లు, కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక కాలు పెడితే పేలే ప్రెషర్ ఐఈడీకి స్కెచ్ అంటూ ఏమీ ఉండదు. పెట్టినవాడు చనిపోతే ఆ చోటు తెలిసినవాడే లేడు. కర్రెగుట్టలు పొడవే అరవై కిలోమీటర్ల దాకా ఉంటాయని చెప్తారు. 450 తీశారంటే మంచిదే, కానీ మొత్తం ఎన్ని పెట్టారో తెలియకుండా ‘అయిపోయింది’ అని నేనైతే సంతకం పెట్టను. వాజేడు తమ్ముడూ, జవాన్లు నడిచిన బాట వేరు, మీరు ఆకు తెంపే పొద వేరు. బాట క్లియర్ అయితే పొద క్లియర్ అయినట్టు కాదు. జాగ్రత్త.

అడవి బడి టీచర్ (తాడ్వాయి):

మెట్టుగుట్ట సార్ నష్టం అంటే పేలిన చోటే వెతుకుతున్నట్టుంది. నేను రోజూ చూసేది పేలిన చోటికి ఎంతో దూరంలో ఉంటుంది.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో సల్వాజుడుం, అంటే మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో నడిచిన దండు, మొదలైంది. 644 ఊళ్లు ఖాళీ అయ్యాయని సుప్రీంకోర్టుకు పోయినవాళ్లు చెప్పారు. కొందరిని రోడ్డు పక్క క్యాంపుల్లో పెట్టారు. మిగిలినవాళ్లు గోదావరి దాటి మన ఏటూరునాగారం, తాడ్వాయి, భూపాలపల్లి, ఇటు భద్రాద్రి అడవుల్లోకి వచ్చారు. మనం గుత్తికోయలు అంటున్నది వీళ్లనే. వచ్చినవాళ్లు తినాలి కదా. వాగు పక్కన చెట్లు కొట్టి పోడు చేశారు. ఏటూరునాగారం అభయారణ్యం 1950ల నుంచి ఉన్నది, 800 చదరపు కిలోమీటర్ల పైన. అందులో ఇవాళ కొత్తగా బోడి అయిన జాగలు కొన్ని ఆ యుద్ధం లెక్కలో వేయాల్సినవే. కానీ ఫారెస్టు రికార్డులో అవి ఆక్రమణలు, అంతే.

ఇంకోటి వినండి. అటవీ హక్కుల చట్టంలో పట్టా రావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి మీద ఉండాలి. సల్వాజుడుం మొదలై అప్పటికి ఆరు నెలలే. అంటే ఇల్లు కాలి పరుగెత్తుకొచ్చినవాళ్లలో చాలామంది చట్టం తలుపు మూసుకున్నాక వచ్చారు. ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ రాదు, పట్టా రాదు. ఫారెస్టు వాళ్లు వస్తారు, గుడిసెలు తీసేస్తారు, వీళ్లు ఇంకొంచెం లోపలికి పోయి ఇంకొన్ని చెట్లు కొడతారు. 2022లో భద్రాద్రి జిల్లాలో పోడు గొడవలో ఒక రేంజ్ ఆఫీసర్ ప్రాణమే పోయింది. ఆయన కుటుంబానికి కూడా ఇది ఎక్కడో బస్తర్‌లో మొదలైన యుద్ధమని ఎవరు చెప్తారు?

సల్వాజుడుం చెల్లదని 2011 జూలై 5న తీర్పు ఇచ్చిన బెంచ్‌లో మన తెలంగాణ జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారు ఉన్నారు. తీర్పు వచ్చింది. నరికిన చెట్లు, వదిలేసి వచ్చిన ఊళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి.

మెట్టుగుట్ట (హన్మకొండ):

టీచర్ గారూ, ఇది మనకు కొత్త కాదు. 1948 తర్వాత తెలంగాణ సాయుధ పోరాటాన్ని అణచేటప్పుడు గోదావరి అడవుల్లో కోయగూడేలను ఖాళీ చేయించి, తగలబెట్టి, జనాన్ని క్యాంపుల్లో పెట్టారని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారు వివరంగా రాశారు. మలయాలో బ్రిటిష్ వాళ్లు చేసిందాని నకలు. అడవిని ఖాళీ చేస్తే తిరుగుబాటు చస్తుందన్న లెక్క అప్పటిదే.

దేశం ఫస్ట్:

అన్నీ మన సైన్యం, మన పోలీసుల మీదే ఎందుకు తోస్తున్నారు? వేరే దేశాలు ఏం చేశాయో కూడా రాయండి.

జగిత్యాల జంక్షన్:

నేను రాస్తా. మా బాపు కువైట్‌లో వాటర్ ట్యాంకర్ డ్రైవర్. 1990 ఆగస్టులో ఇరాక్ సద్దాం సైన్యం వచ్చినప్పుడు అక్కడే ఉన్నాడు. బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చాడు. అట్లా లక్షా 70 వేల మంది దాకా మనోళ్లను తెచ్చారు. మా గల్లీలోనే నాలుగిళ్ల వాళ్లు ఉండిరి.

బాకీలు ఉన్నాయి కాబట్టి పరిస్థితి చల్లబడగానే మళ్లీ పోయాడు. ఇరాక్ సైన్యం పోతూ పోతూ 600 పైన చమురు బావులకు నిప్పు పెట్టింది కదా, వాటన్నిటినీ ఆర్పేసరికి 1991 నవంబర్ అయింది. బాపు పోయేసరికి మంటలు లేవు కానీ ఎడారిలో నల్లటి చెరువులు ఉన్నాయి. మన దగ్గర కుంటలు ఉన్నట్టు, చమురు కుంటలు. ఎండకు పైన మెరుస్తుంటే నీళ్లనుకొని పిట్టలు దిగి అందులోనే అతుక్కుపోయేవట. బుర్గాన్ చమురు బావుల వైపు ఇసుక, మసి, చమురు కలిసి గట్టిపడి డాంబర్ రోడ్డు లెక్క అయిందని చెప్పేవాడు. ట్యాంకర్ టైర్లకు అంటుకుంటే కిరోసిన్‌తో కడిగేవాళ్లట. దగ్గు కూడా అప్పటి నుంచే మొదలైందని అమ్మ అంటుంది. ఏ డాక్టరూ అట్లా రాసియ్యలేదు.

కానీ ఒక మాట ఒప్పుకోవాలె. బాపుకు నష్టపరిహారం వచ్చింది. ఢిల్లీ నుంచి ఫారాలు వస్తే కరీంనగర్ పోయి నింపించాడు. ఏళ్లు పట్టింది, విడతలుగా వచ్చింది, కానీ డాలర్ల లెక్కలో వచ్చింది. మా పెంకుటిల్లు తీసి స్లాబు వేసింది ఆ పైసలతోనే. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది నాకు ఇప్పటికీ సరిగ్గా తెల్వదు. వకీలు ఎవరన్నా ఉంటే చెప్పండి.

నయీంనగర్ వకీల్:

అది ఐక్యరాజ్యసమితి 1991లో పెట్టిన పరిహార కమిషన్. కువైట్ వదిలి పోవాల్సి వచ్చిన కార్మికులకు ఒక్కరికి 2,500 డాలర్లు, ఇంకే రకం క్లెయిమూ పెట్టనని రాసిస్తే 4,000. కుటుంబానికైతే 5,000, 8,000. ఇరాక్ అమ్ముకునే చమురు ఆదాయంలోంచి కొంత భాగం పట్టుకొని ఈ డబ్బు ఇచ్చారు. ఆఖరి కిస్తీ 2022 జనవరిలో కట్టారు. మొత్తం 5,240 కోట్ల డాలర్లు.

ఈ చర్చకు పనికొచ్చేది అసలు వేరే ఉంది. అందులో 500 కోట్ల డాలర్ల పైన పర్యావరణ నష్టానికే ఇచ్చారు. ఎడారి ఇసుక, సముద్ర తీరం, భూగర్భ జలం, పశువుల మేత భూములు అన్నిటికీ విడివిడిగా క్లెయిములు వేసి, శాంపిళ్లు తీసి, వాదించి గెలిచారు. ఓడిన దేశం నేలకు చేసిన నష్టాన్ని పైసలతో కట్టడం అంత పెద్ద ఎత్తున అదే మొదటిసారి. అంటే లెక్క కట్టడం సాధ్యం కాదన్నది ఉత్త మాట.

అయితే రెండు విషయాలు దాచకూడదు. కట్టింది సద్దాం జేబులోంచి కాదు, ఆంక్షలతో మందులు దొరకక పిల్లలు చనిపోతున్న ఇరాక్ నుంచి. రెండోది, ఓడినవాడు కాబట్టి కట్టాడు. వియత్నాంలో చూడండి. 1961 నుంచి 1971 దాకా అమెరికా విమానాలు ఏడు కోట్ల లీటర్లకు పైగా ఆకు రాల్చే మందులు చల్లాయి, ఏజెంట్ ఆరెంజ్ వాటిలో ఒకటి. ఆ మందు తయారుచేసిన కంపెనీలు 1984లో అమెరికా మాజీ సైనికులకు 18 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ పడ్డాయి. వియత్నాం బాధితులు అదే అమెరికా కోర్టుకు పోతే 2005లో కేసు కొట్టేశారు. మందు ఒకటే, చల్లింది ఒకరే. చల్లినవాడికి పరిహారం, కింద నిలబడ్డవాడికి డిస్మిస్.

చట్టాలు లేవని కాదు. పర్యావరణాన్ని ఆయుధంగా వాడొద్దని 1978 నుంచి అమల్లో ఉన్న ఒప్పందంలో భారత్ కూడా ఉంది. 1977 నాటి జెనీవా అదనపు ప్రొటోకాల్ ప్రకృతికి ‘విస్తృతమైన, దీర్ఘకాలిక, తీవ్రమైన’ నష్టం చేయొద్దంటుంది. మూడూ ఒకేసారి రుజువు చేయాలి. వకీలుగా చెప్తున్నా, అలా రాసిన సెక్షన్ కింద ఎవరినీ పట్టుకోలేం. పైగా మనం ఆ ప్రొటోకాల్‌లో చేరలేదు. మందుపాతరల నిషేధ ఒప్పందంలోనూ లేము.

పాకాల పిట్ట:

ఏజెంట్ ఆరెంజ్ మందే మన షాపుల్లో కలుపు మందు పేరుతో అమ్ముతున్నారని ఒక వీడియోలో చూశాను. నిజమేనా? మా అన్న మక్క చేనుకు టూ ఫోర్ డీ కొడతాడు.

నర్సంపేట ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి):

సగం నిజం, సగం బెదిరింపు. ఏజెంట్ ఆరెంజ్‌లో రెండు మందులు సమానంగా కలిపారు. ఒకటి 2,4-డి, అది ఇప్పటికీ ప్రపంచమంతా వాడతారు. రెండోది 2,4,5-టి. దాన్ని తయారు చేసేటప్పుడు డయాక్సిన్ అనే విషం కల్తీగా పుడుతుంది. వియత్నాంలో తరతరాలను పట్టి పీడించింది ఆ డయాక్సిన్. కాబట్టి మీ అన్న వియత్నాం యుద్ధం చేస్తున్నాడని భయపడొద్దు. అలాగని మాస్కు లేకుండా, గాలికి ఎదురుగా కొట్టొద్దు. పక్కన పత్తి చేను ఉంటే అసలే వద్దు, ఆ గాలి తగిలితే చాలు పత్తి ఆకు ముడుచుకుపోతుంది.

డయాక్సిన్ సంగతి ఎందుకు చెప్పాలంటే, అది నీళ్లలో కరగదు, మట్టిని పట్టుకొని ఉంటుంది. వాన నీటితో చెరువు అడుగుకు చేరి, బురదలోంచి చేపకు, బాతుకు, వాటిని తిన్న మనిషికి వస్తుంది. వియత్నాంలోని డనాంగ్ విమానాశ్రయంలో డ్రమ్ములు నిల్వ చేసిన చోట మట్టిని తవ్వి, పెద్ద కాంక్రీటు పెట్టెలాంటి కట్టడంలో పోసి, 335 డిగ్రీల దాకా వేడి చేసి శుభ్రం చేశారు. 2018కి గానీ పూర్తి కాలేదు. అక్కడిదే బియెన్ హోవా సైనిక బేస్‌లో అంతకంటే ఎక్కువ మట్టి ఉంది, అక్కడ 2019లో మొదలుపెట్టారు. చల్లడం పదేళ్ల పని, కడగడం ఇంకా నడుస్తూనే ఉంది.

మోడరేటర్:

పురుగుమందుల ధరలు, నకిలీ విత్తనాల మీద వచ్చిన పోస్టులను వ్యవసాయం విభాగానికి మార్చాం. ఇక్కడ విషయం మీదే ఉండండి.

ఖానాపూర్ కాక (నిర్మల్):

నేను ఎక్కువ చదువుకోలేదు, మా బిడ్డ టైపు చేస్తున్నది. ఇరాక్‌లో అమెరికా వాళ్ల క్యాంపులో వంట పని చేసిన. ఏజెంటు కువైట్ అని చెప్పి తీసుకపోయి అక్కడ దించిండు. క్యాంపు చెత్త మొత్తం ఒక గుంటలో పోసి కాల్చేటోళ్లు. ప్లాస్టిక్ సీసాలు, టైర్లు, బ్యాటరీలు, దవాఖాన చెత్త, ఖరాబైన కంప్యూటర్లు, ఒక్కటని కాదు. విమానాలకు పోసే నూనె పోసి అంటించేటోళ్లు. రాత్రి పగలు మండేది. గాలి మా దిక్కు తిరిగితే పిండి మీద నల్లటి మసి పడేది. ఇప్పుడు నాకు మెట్లెక్కితే ఊపిరి ఆడదు. తీసుకపోయిన కంపెనీ ఫోన్ ఎత్తదు.

నయీంనగర్ వకీల్:

కాకా, వాటిని బర్న్ పిట్స్ అంటారు. ఇరాక్‌లోని బలద్ బేస్‌లో ఒక్క గుంటే దాదాపు పది ఎకరాలు. ఆ పొగతో జబ్బు పడ్డ అమెరికా మాజీ సైనికుల కోసం 2022 ఆగస్టులో పాక్ట్ చట్టం తెచ్చారు. కొన్ని జబ్బులైతే ఆ పొగ వల్లే వచ్చాయని సైనికుడు రుజువు చేయాల్సిన పని కూడా లేదు. అదే గుంట పక్కన రొట్టెలు చేసిన మన నిర్మల్ మనిషి ఆ చట్టంలో లేడు. అమెరికా కాంట్రాక్టు కింద పనిచేసిన విదేశీ కార్మికులకు డిఫెన్స్ బేస్ యాక్ట్ అని వేరే ఉంది. మీ కాంట్రాక్టు కాగితం, బ్యాడ్జీ, జీతం స్లిప్పు ఏది ఉన్నా ఫొటో తీసి నాకు మెసేజ్ పెట్టమని బిడ్డకు చెప్పండి. ఆశ పెట్టడం లేదు. చూద్దాం.

జపొరిజియా బ్యాచ్ (కాజీపేట):

నేను ఉక్రెయిన్‌లో మెడిసిన్ మధ్యలో ఆపి 2022లో వచ్చినదాన్ని. మా యూనివర్సిటీ జపొరిజియాలో, ద్నీపర్ నది పక్కన. ఊరి దిగువన కఖోవ్కా రిజర్వాయర్ మొదలయ్యేది. అటు ఒడ్డు కనిపించదు, 2,000 చదరపు కిలోమీటర్ల పైన. 2023 జూన్ 6న డ్యామ్ తెగింది. దిగువన ఊళ్లు మునిగాయి, ఎగువన రిజర్వాయరే మాయమైంది. దాని మీద ఆధారపడ్డ కాలువలు ఎండిపోయాయి.

అక్కడే ఉన్న నా ఫ్రెండ్ ఆ తర్వాత ఫొటోలు పంపింది. ఎండిన అడుగున విల్లో మొక్కలు మనిషి ఎత్తు దాటి అడవిలా లేచాయి. చూడగానే సంతోషం వేసింది. తర్వాత చదివితే, నది పొడవునా ఉన్న ఫ్యాక్టరీల నుంచి దశాబ్దాలుగా చేరిన భారలోహాల బురద ఆ అడుగునే ఉందట. డ్యామ్ మళ్లీ కట్టాలా, అడవిని ఉంచాలా అని వాళ్లలో వాళ్లకే వాదన. పచ్చగా కనబడితే బాగైనట్టు కాదని మాత్రం అర్థమైంది. ఇక ఆ పొలాల్లో పెట్టిన మైన్ల గురించి సుబేదార్ గారే చెప్పాలి.

సుబేదార్ సాబ్ (హసన్‌పర్తి):

అమ్మా, అవి తీయడానికి మీ పిల్లల కాలం కూడా చాలకపోవచ్చు. లావోస్‌లో 1964 నుంచి 1973 దాకా అమెరికా 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. క్లస్టర్ బాంబుల్లోని చిన్న గుండ్లే 27 కోట్లు. వాటిలో దాదాపు మూడో వంతు పేలలేదు. ఇవాళ్టికీ నాగలికి తగులుతున్నాయి. ఫ్రాన్స్‌లో వెర్దున్ చుట్టూ మొదటి ప్రపంచ యుద్ధం నాటి నేల కొంత ఇప్పటికీ సాగుకు ఇవ్వలేదు.

కానీ అన్ని పోస్టులు చదివాక సైన్యం అంటే చెట్లు నరికేదే అన్నట్టు తయారైంది. అది కూడా న్యాయం కాదు. 1982లో టెరిటోరియల్ ఆర్మీలో ఎకో టాస్క్ ఫోర్స్ పెట్టి, సున్నపురాయి క్వారీలతో బోడి అయిన ముస్సోరి కొండల్ని మళ్లీ పచ్చగా చేసింది మా రిటైర్డ్ జవాన్లే. రెండు కొరియాల మధ్య నాలుగు కిలోమీటర్ల వెడల్పు నిషేధిత ప్రాంతంలో, మనిషి అడుగు పెట్టకపోవడం వల్ల అరుదైన కొంగలు బతుకుతున్నాయి. సియాచిన్ గురించి మాత్రం నేను వాదించను. 1984 నుంచి అక్కడ ఉన్నాం, ఆ చలిలో పడేసిన ఏదీ కుళ్లదు. పైకి మోసినంత తేలిగ్గా కిందికి మోయలేం.

దేశం ఫస్ట్:

సుబేదార్ గారికి సెల్యూట్. అందుకే అంటున్నా, వికారాబాద్ దామగుండంలో నేవీ రేడియో స్టేషన్‌ను (జనం రాడార్ స్టేషన్ అంటారు) కూడా ఇట్లాగే అడ్డుకోవాలని చూశారు. సముద్రంలో ఉన్న సబ్‌మెరైన్లతో మాట్లాడాలంటే ఆ స్టేషన్ కావాలి. తిరునెల్వేలిలో ఒకటే ఉంది. రెండోది వద్దంటే ఎట్లా?

పాకాల పిట్ట:

2,900 ఎకరాల రిజర్వ్ ఫారెస్టు అన్నా అది. మూసీ పుట్టేది ఆ చుట్టుపక్కల గుట్టల్లోనే. 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన అయ్యేదాకా ఎన్ని చెట్లు పోతాయన్న లెక్క మీద ప్రభుత్వానికీ ఉద్యమం చేసినవాళ్లకూ పొంతన కుదరలేదు. స్టేషన్ కావాలా వద్దా అన్నది నేను తేల్చలేను. ఎన్ని చెట్లో ఇద్దరూ కలిసి లెక్కబెట్టడానికి దేశభక్తి అడ్డమొస్తదా?

సుబేదార్ సాబ్ (హసన్‌పర్తి):

రాదు. కశ్మీర్‌లో తోసమైదాన్ అని గొర్రెలు మేపే పెద్ద మైదానం. 1964 నుంచి 2014 దాకా ఫైరింగ్ రేంజ్. పేలని గుండ్లు తగిలి కాపర్లు, పిల్లలు చనిపోయారు. లీజు అయిపోయాక సైన్యమే దిగి గుండ్లు ఏరి ఊళ్లకు అప్పజెప్పింది. జార్ఖండ్ నేతర్‌హాట్‌లో ఫైరింగ్ రేంజ్ వద్దని ఆదివాసీలు 1990ల నుంచి కూర్చుంటే 2022లో రేంజ్ గడువు పొడిగించబోమని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఆ రెండు పనులతో దేశ రక్షణ ఏమీ కూలిపోలేదు.

మెట్టుగుట్ట (హన్మకొండ):

పాకాల పిట్ట అడిగిందే నా ప్రశ్న కూడా. ప్రపంచం మొత్తం వదిలే, వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల్లో 5.5 శాతం సైన్యాలవేనని 2022లో ఒక అంచనా వచ్చింది. అంచనానే ఎందుకంటే, ఆ వాయువులను తగ్గించాలన్న క్యోటో ఒప్పందంలో సైన్యాలకు మినహాయింపు ఇచ్చారు, పారిస్ ఒప్పందంలో ఇష్టముంటే చెప్పండి అన్నారు. ఇష్టముండి చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆర్టీసీ బస్సు పొగకు సర్టిఫికెట్ ఉంది, యుద్ధవిమానానికి లేదు.

కువైట్‌లో లెక్క కట్టారు, ఎందుకంటే కట్టించుకునే బలమున్నవాళ్లు వెనక ఉన్నారు. వాజేడులో లెక్క కట్టలేదు. తేడా అక్కడ ఉందని నాకనిపిస్తుంది. సైన్సు లేక కాదు.

వాజేడు పోరడు:

వకీల్ మేడం, మా పక్కూరి మనిషికి ప్రెషర్ బాంబుతో పాదం పోయింది. అదే రోజు ఎద్దు కూడా చచ్చింది. ఎవరిని అడగాలె?

నయీంనగర్ వకీల్:

తమ్ముడూ, కేంద్ర హోంశాఖ పథకం ఒకటి ఉంది. తీవ్రవాద హింసలో, మందుపాతర పేలుళ్లలో చనిపోయిన పౌరుల కుటుంబానికి, లేదా 50 శాతం, అంతకు మించి శాశ్వత వైకల్యం వచ్చినవాళ్లకు 5 లక్షలు. దరఖాస్తు కలెక్టర్ దగ్గర పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ, దవాఖాన డిశ్చార్జ్ కాగితం, వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్టిఫికెట్ (మనం సదరం అంటాం) మూడూ కావాలి. సదరంలో శాతం 50 లోపు రాస్తే ఇబ్బంది, కాబట్టి క్యాంపుకు పోయే ముందు నాకు ఫోన్ చేయమనండి.

ఎద్దుకు, ఆకుకు, అడవికి ఆ పథకంలో కాలమ్ లేదు.

వాజేడు పోరడు:

ఎఫ్‌ఐఆర్ ఉంది. సదరం కాలేదు. ఎద్దుకు ఏ కాగితమూ లేదు.

అడవి బడి టీచర్ (తాడ్వాయి):

ఎద్దు చచ్చిన చోటు చూసినవాళ్లు ఇద్దరు ముగ్గురు సాక్షి సంతకాలు పెట్టినా ఒక కాగితం అవుతుంది. కార్యదర్శి ముద్ర వేయించండి. ఆ ఏడాది తునికాకు ఎన్ని కట్టలు తగ్గిందో కల్లం పుస్తకంలో ఉంటుంది, అది కూడా ఫొటో తీయండి.

వాజేడు పోరడు:

కల్లం పుస్తకం ఇస్తడో లేదో. అడుగుత. అర్జీ ఎవరు రాసిస్తరు?

మెట్టుగుట్ట (హన్మకొండ):

నేను రాస్తాను. మనిషికి ఒకటి, ఎద్దుకూ ఆకుకూ కలిపి ఇంకొకటి. వకీల్ గారు చూసి దిద్దాక ములుగు కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇద్దాం. రసీదు తీసుకోకుండా రావొద్దు.